మెట్ల మీద తప్పు డైలాగు

పోయిన వారం హెస్టర్ కార్‌బరీని మనం స్టూడియో రెండో ఫ్లోరు గుమ్మంలో వదిలిపెట్టాం. ఒక చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. ఎదురుగా కొత్తగా వేసిన సెట్టు. ఆ సెట్టు అచ్చం ఆమె ఇల్లు.

నడుస్తున్న సంగతి ఇది. 'తెల్ల చేతితొడుగులు' అనే నాటకం లండన్‌లో ఏళ్ల తరబడి ఆడింది. కట్టుకున్నవాడు హంతకుడని ఒక్కొక్క ఆనవాలే పట్టుకుంటూ తెలుసుకునే ఎలినార్ పాత్ర హెస్టర్‌ది. రాసింది ఆమె భర్త ఐవర్. నాటకం జోరుగా ఆడుతున్న రోజుల్లోనే రెండేళ్ల కిందట ఒక శనివారం ఐవర్ తన ఇంటి మెట్ల మీంచి పడి చనిపోయాడు. రాత్రి ఆట ముగించుకుని ఇల్లు చేరేసరికి శవం చల్లబడి ఉందని హెస్టర్ విచారణలో చెప్పింది. ప్రమాదమని తేల్చి ఫైలు మూసేశారు. ఇప్పుడా నాటకాన్ని జెర్వేస్ థోరల్డ్ సినిమాగా తీస్తున్నాడు. నాటకానికీ ఆయనే దర్శకుడు. ఐవర్‌తో బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఎలినార్ పాత్రని మాత్రం కోరల్ డెన్నింగ్ అనే ఇరవై రెండేళ్ల పిల్లకిచ్చి, ఆ పిల్లకి నటన నేర్పే పనికి హెస్టర్‌ని పిలిచాడు. అంత అవమానానికి ఆమె ఎందుకు తలూపిందో ఎవరికీ అంతుపట్టలేదు.

హెస్టర్ తలుపు వదిలి లోపలికి వచ్చింది.

వడ్రంగులు చాలా కష్టపడ్డారు. గోడ కాగితం మీద లేత ఆకుపచ్చ తీగలు అవే. పాత అద్దం తీసేసిన చోట గోడ మీద మిగిలిన వెలిసిన చదరం కూడా వేశారు. మెట్ల చివరి స్తంభం మీద పెచ్చు ఊడిన చోటు ఊడినట్టే ఉంది. వీధి గుమ్మం పక్కన కోటు తగిలించే కొయ్య, దాని కింద గొడుగుల తొట్టి. పైన లైట్లు అమర్చేవాళ్లు ఇనప వంతెనల మీద కాళ్లు వేలాడేసుకుని బన్నులు తింటున్నారు.

"బాగుందా?" థోరల్డ్ కుర్చీలోంచి లేవలేదు. సన్నటి మనిషి. మెడకి ఉన్ని మఫ్లరు, బుగ్గన పిప్పరమెంటు. "ఏమైనా తేడా ఉంటే చెప్పు. ఆ ఇంట్లో ఇన్నేళ్లు కాపరం చేసినదానివి."

"నన్ను ముందే అడగాల్సింది జెర్వేస్."

"అడిగితే వద్దనేదానివి. వద్దంటే నాకు బాధగా ఉండేది."

బీటీ పరిగెత్తుకొచ్చి హెస్టర్ కోటు విప్పబోయింది. బీటీ లండన్ తూర్పు పేటల మనిషి, నలభై దాటింది. పదేళ్లపాటు థియేటర్‌లో హెస్టర్‌కి దుస్తులు వేసింది, జుట్టు దువ్వింది, జ్వరం వస్తే కాళ్లు పట్టింది. ఈ సినిమాకి ఆమెని కోరల్‌కి అప్పగించారు.

"చేతులు తియ్యి, మంచుగడ్డల్లా ఉన్నాయి," అంది హెస్టర్. "కొత్త దొరసాని దొరికిందిగా, వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చో. నీకది అలవాటేగా."

బీటీ ఆ కోటు తీసుకుని కొయ్యకి తగిలించి, సూదులు గుచ్చిన దిండు తీసుకుని మెట్లెక్కింది. పైన మెట్ల మలుపు దగ్గర కోరల్ నిలబడి ఉంది. గౌను అంచు కొంచెం జారిందట. బీటీ ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది.

"ఈ పూట సీను నాటకంలో లేనిది," అన్నాడు థోరల్డ్, అందరికీ వినబడేలా. "నేను కలిపాను. ఎలినార్ వీధి తలుపు తీసుకుని లోపలికొస్తుంది. మొగుడు మెట్ల కింద పడి ఉంటాడు. కొన ఊపిరితో ఉంటాడు. ఒక్క మాట అని పోతాడు. ఆవిడ అరుస్తుంది. అంతే సీను. కోరల్ పొద్దున్నించీ అరుస్తోంది. ఎలకని చూసి అరిచినట్టుంది తప్ప మొగుణ్ణి చూసి అరిచినట్టు లేదు."

పైనుంచి కోరల్ సన్నగా అంది. "నేను చెయ్యగలను మిస్టర్ థోరల్డ్. ఇంకొక్కసారి చూడండి."

"నువ్వు ఊరుకో. పైనుంచి చూసి నేర్చుకో. హెస్టర్ చేసి చూపిస్తుంది."

"చూపించను," అంది హెస్టర్.

"నీకు జీతం ఇచ్చేది అందుకేగా?"

ఇనప వంతెన మీద ఎవరో కిసుక్కుమన్నారు. హెస్టర్ మెడ ఎర్రబడింది. ఒకప్పుడు ఆమె గదిలోంచి బయటికొస్తుంటే ఇలాంటి పనివాళ్లు నోట్లో సిగరెట్ తీసి పక్కకి జరిగేవాళ్లు.

భర్త వేషం లయొనెల్ ఫిచ్‌ది. ముసలి నటుడు, నవ్వించే మనిషి. మెట్ల కింద చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. "రా తల్లీ, తొందరగా కానిచ్చెయ్యి," అన్నాడు. "యాభై ఏళ్ల తర్వాత పడుకుని చేసే వేషం దొరికింది. వీళ్లు నన్ను పడుకోనివ్వట్లేదు."

హెస్టర్ గుమ్మం అవతలికి వెళ్లింది. తలుపు తీసుకుని వచ్చింది. రెండడుగులు వేసి ఆగింది. చేతిసంచీ జారవిడిచి మోకాళ్ల మీద కూలబడింది. లయొనెల్ తల కొంచెం ఎత్తి, "ఎలినార్, నన్ను క్షమించు," అని కళ్లు మూశాడు.

హెస్టర్ అరవబోయింది.

"ఆగు," అన్నాడు థోరల్డ్. "లయొనెల్, ఆ మాట బాగాలేదు. 'చీకటి పడుతోంది' అను."

మళ్లీ తలుపు. మళ్లీ చేతిసంచీ. "చీకటి పడుతోంది ఎలినార్."

"ఛీ. అది చర్చిలో పాటలా ఉంది. 'నిన్నే ప్రేమించాను' అను. హెస్టర్, మళ్లీ గుమ్మం దగ్గరికి."

అలా ఎన్నిసార్లు తిప్పాడో. ప్రతిసారీ భర్త కొత్త మాట అనేవాడు. ప్రతిసారీ ఆమె నోరు తెరిచేసరికి థోరల్డ్ ఆపేసేవాడు. అరిచే అవకాశమే ఇవ్వలేదు. లైట్ల వేడికి ఆమె నుదుటి మీద పౌడరు చారలు కట్టింది. మోకాలి దగ్గర మేజోడు చిరిగింది. బన్నులు తినేవాళ్లు తినడం మానేశారు. ఒకతను, "పాపం, ముసలావిణ్ణి వదిలెయ్యొచ్చుగా," అని గొణిగాడు. ఆ మాట హెస్టర్‌కి థోరల్డ్ కేకలకంటే ఎక్కువ గుచ్చుకుంది.

"చెయ్యి చాపు లయొనెల్. ఆవిడ గౌను అంచు పట్టుకో. ఏడుస్తూ అను. 'నువ్వొచ్చావా, ఇక నాకు భయం లేదు' అను."

లయొనెల్ ఇప్పుడు నవ్వించే మనిషిలా లేడు. అలసిపోయాడు. ఊపిరి గురగురలాడుతోంది. చెయ్యి చాపి ఆమె గౌను అంచు పట్టుకున్నాడు. "నువ్వొచ్చావా," అన్నాడు. "ఇక నాకు భయం..."

"అలా అనలేదు," అంది హెస్టర్.

ఏళ్ల తరబడి ఒకే నాటకం ఆడినవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. ఎదుటివాడు మాట తప్పు పలికితే భరించలేరు. నిద్రలో లేపినా సరిదిద్దుతారు.

"మరేమన్నాడు?" థోరల్డ్ గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ప్రక్కన కూర్చుని అన్నం తినిపిస్తున్నట్టుంది.

"'పైకి వెళ్లకు. అది ఇంకా పైనే ఉంది.' అంతే అన్నాడు. చెయ్యి చాపలేదు. ఏడవలేదు."

లయొనెల్ ఆమె గౌను అంచు వదిలేశాడు.

థోరల్డ్ నోట్లో పిప్పరమెంటు కదలడం ఆగింది. "ఎవరన్నారు హెస్టర్?"

"ఎలినార్ మొగుడు. నాటకంలో."

"నాటకంలో ఈ సీనే లేదు. ఇందాకే చెప్పానుగా."

ఆమె చుట్టూ చూసింది. ఆకుపచ్చ తీగలు, వెలిసిన చదరం, గొడుగుల తొట్టి. ఈ గోడలు ఎందుకు కట్టారో, తనని ఈ పనికి ఎందుకు పిలిచారో, కోరల్ అరుపు పొద్దున్నించీ ఎందుకు నచ్చలేదో అన్నీ ఆమెకి ఒక్కసారిగా అర్థమయ్యాయి.

థోరల్డ్ కుర్చీలోంచి లేచాడు. "నువ్వు ఇంటికొచ్చేసరికి వాడు చల్లబడి ఉన్నాడన్నావు. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పావు. నేను నీ వెనక వరసలో కూర్చుని విన్నాను. చల్లబడ్డవాడు నీతో ఎలా మాట్లాడాడమ్మా?"

"జెర్వేస్, వీళ్లందరినీ బయటికి పంపు. నీతో విడిగా మాట్లాడతాను."

"ఎందుకు? నీకు జనం ముందు ఆడటమే ఇష్టం కదా." సౌండు గది గాజు కిటికీ వైపు చెయ్యెత్తాడు. "ఏమస్! రికార్డు అవుతోందా?"

గాజు వెనక సౌండు ఇంజనీరు ఏమస్ గిల్ బొటనవేలు పైకెత్తాడు.

"మొదటి మాట నించీ అవుతోంది," అన్నాడు థోరల్డ్. "ఇక దాచి లాభం లేదు. చెప్పు. వాడు ఎంతసేపు బతికున్నాడు?"

హెస్టర్ మోకాళ్ల మీంచి లేచింది. మొదటి మెట్టు మీద కూర్చుంది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు నటి గొంతులా లేదు.

"మధ్యాహ్నం ఆటకీ రాత్రి ఆటకీ మధ్యలో ఇంటికి వెళ్లాను. తల నొప్పిగా ఉంది, కాసేపు పడుకుందామని. తలుపు తీసేసరికి ఇక్కడే ఉన్నాడు. కాలు ఇలా మడత పడి ఉంది. చెవిలోంచి రక్తం. నన్ను చూసి మొదట నవ్వాడు. నేను మెట్లెక్కి పైకి వెళ్లబోయాను, దుప్పటి తెద్దామని. అప్పుడన్నాడు. పైకి వెళ్లకు, అది ఇంకా పైనే ఉందని."

"అది అంటే?"

"ఆడది. ఎవరైతేనేం. నా ఇంట్లో, నా పడగ్గదిలో." ఆమె తన చేతుల్ని చూసుకుంది. "ఎముకలు విరిగి పడి ఉన్నా వాడికి దాని మీదే బెంగ. నేను చూస్తానేమో, దాని పరువు పోతుందేమోనని. నా పరువు సంగతి వాడికి తట్టలేదు."

"వైద్యుడు మీ పక్క వీధిలోనే ఉంటాడు."

"తెలుసు."

"ఫోను నీ చేతికి అందేంత దూరంలో ఉంది."

"తెలుసు జెర్వేస్! మంచినీళ్లు అడిగాడు. తెద్దామని చేతితొడుగులు విప్పాను. మళ్లీ తొడుక్కున్నాను. ఆ కొయ్య పక్కన కుర్చీ ఉండేది, దాంట్లో కూర్చున్నాను. అది ఎప్పుడో ఒకప్పుడు దిగి రావాలి కదా. దాని మొహం చూడాలనుకున్నాను. వాడు పిలుస్తూనే ఉన్నాడు. కాసేపటికి మానేశాడు. అది మాత్రం దిగలేదు. ఇక ఆటకి వేళవుతోందని టాక్సీ పట్టుకుని వెళ్లిపోయాను." చిరిగిన మేజోడు మీదికి గౌను లాక్కుంటూ అంది, "ఆ రాత్రి ఎప్పుడూ లేనంత గొప్పగా చేశానని పత్రికల్లో రాశారు."

లయొనెల్ ఫిచ్ చాప మీంచి లేచి, టోపీ వెతుక్కుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లి సెట్టు చివర నిలబడ్డాడు.

థోరల్డ్ కళ్లు తడిగా ఉన్నాయి. అతని నవ్వు మాత్రం పొడిగా ఉంది. "నువ్వు తోశావనుకున్నాను. ఈ రెండేళ్లూ అలాగే అనుకున్నాను. తోసి ఉంటే బాగుండేది హెస్టర్. అందులో కాస్త వేడైనా ఉండేది."

"నేను తోయలేదు. ఎవరు తోశారో తెలుసుకుందామనే నీ దగ్గర ఈ కూలి పనికి ఒప్పుకున్నాను. వాడి చుట్టూ తిరిగిన ఆడవాళ్లందరూ ఈ సినిమాలో ఏదో ఒక మూల ఉన్నారు కాబట్టి."

"భార్య ప్రేమ!" అన్నాడు థోరల్డ్. "విను. నిన్ను పోలీసులకి ఇప్పుడే అప్పగించను. ఈ రీలు నా దగ్గర ఉంటుంది. నువ్వు నా సినిమా పూర్తి చేస్తావు. ఎలినార్ అరుపు నువ్వే అరుస్తావు, ఆ చిన్న గదిలో, మైకు ముందు, కుర్చీలో కూర్చుని. తెర మీద మొహం కోరల్‌ది. నీ పేరు ఎక్కడా ఉండదు. ఊరూరా జనం ఆ పిల్ల అరుపు విని చప్పట్లు కొడతారు. నువ్వు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి చూడొచ్చు."

హెస్టర్ తల ఎత్తలేదు. జైలంటే ఆమెకి ఇంత భయం వేసేది కాదు.

అప్పుడు సౌండు గది తలుపు తెరుచుకుంది. ఏమస్ గిల్ బయటికి వచ్చాడు. చెవులకి పెట్టుకునే ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. నిదానస్తుడు. షూటింగు మధ్యలో అతను ఆ గదిలోంచి బయటికి రావడం ఎవరూ చూడలేదు.

"సార్, ఒక్క మాట."

"ఇప్పుడు కాదు ఏమస్."

"ఇప్పుడే వినాలి సార్. కోరల్ అమ్మాయి కోసమని పైన రెయిలింగులో ఒక మైకు కట్టాను కదా. అది కూడా నడుస్తోంది. మేడమ్ ఆ మాట అన్నప్పుడు..." అతను పైకి చూసి చూపు దించుకున్నాడు. "పైన మైకులో కూడా ఆ మాట వినబడింది. గుసగుసగా. 'పైకి వెళ్లకు, అది ఇంకా పైనే ఉంది' అని."

"ప్రతిధ్వని అయ్యుంటుంది."

"ప్రతిధ్వని తర్వాత వస్తుంది సార్. ఇది ముందు వచ్చింది. మేడమ్ 'అలా అనలేదు' అందా, ఆ తర్వాతి మాట ఆవిడ అనేలోపే పైన ఎవరో అనేశారు."

పైన ఉన్నది ఇద్దరే.

హెస్టర్ రెయిలింగు పట్టుకుని లేచింది. ఒక్కో మెట్టే ఎక్కింది. ఐవర్ వద్దన్న మెట్లు, ఆనాడు ఎక్కకుండా ఆగిపోయిన మెట్లు. ఇవి కొయ్య ముక్కలూ రంగూ కలిపి చేసినవి, కాలు పెట్టినప్పుడల్లా డొల్లగా మోగుతున్నాయి. ఆమె చూపు కోరల్ మీదే ఉంది. రెండేళ్లుగా ఆమె ఊహలో ఆ 'అది' ఇలాగే ఉండేది. పడుచుది, మెత్తని చర్మం, అత్తరు వాసన.

"నువ్వేనా?" అంది.

"నేను కాదు! ఒట్టు మిస్ కార్‌బరీ, నేను కాదు!" కోరల్ గోడకి అతుక్కుపోయింది. కన్నీళ్లు కాటుకని బుగ్గల మీదికి లాక్కొస్తున్నాయి. "ఆయన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేనప్పటికి ఇంకా మా ఊళ్లోనే ఉన్నాను. నాకు... నాకు పక్క నించి వినబడింది. మీతో అనబోయాను..."

హెస్టర్ చూపు మెల్లగా కిందికి దిగింది.

బీటీ ఇంకా మోకాళ్ల మీదే ఉంది. గౌను అంచు కుట్టడం అయిపోయింది. పళ్లతో దారం తెంపి, సూదిని దిండుకి గుచ్చి, నడుం పట్టుకుని లేచి నిలబడింది. పదేళ్లలో మొదటిసారి ఆమె హెస్టర్ మొహంలోకి సూటిగా చూసింది. ఇద్దరి ఎత్తూ ఒకటేనని హెస్టర్‌కి అప్పుడే తెలిసింది.

"మీరు కింద కుర్చీలో కూర్చున్నంతసేపూ నేనూ కూర్చున్నాను మేడమ్," అంది బీటీ. "పై మెట్టు మీద, బూట్లు విప్పుకుని. ఆయన నీళ్లు అడగడం విన్నాను. మీరు చేతితొడుగుల బొత్తాము విప్పిన చప్పుడు కూడా విన్నాను. రోజూ నేనే కదా వాటిని పెట్టేది, నాకు తెలియదూ?"

"నువ్వా?" హెస్టర్‌కి నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయింది. "నిన్నా? ఐవర్ నిన్నా?"

ఆ నవ్వు పెద్ద తప్పు. బీటీ మొహంలో ఏదో మూసుకుపోయింది.

"అది కాదు మేడమ్ అసలు సంగతి," అంది. గొంతు పెంచింది, రెయిలింగు వైపు కొంచెం వంగింది. "ఆ మధ్యాహ్నం నన్ను ఆ ఇంటికి పంపింది మీరే కదా. 'ఇవాళతో వాడి అంతు తేల్చెయ్ బీటీ' అని పంపింది మీరే కదా. మరిచిపోయారా?"

అది అబద్ధం. ఆ రోజు పన్ను నొప్పెడుతోందని బీటీ సెలవడిగి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆటకి హెస్టర్ తన గౌను కొక్కేలు తనే పెట్టుకుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకావిడ న్యాయస్థానంలో బైబిలు మీద చెయ్యి వేసి అబద్ధమాడినట్టు ఇప్పుడే ఇంతమంది ముందు ఒప్పుకుంది.

"అబద్ధం," అంది హెస్టర్. "జెర్వేస్, ఇది అబద్ధం చెబుతోంది."

మెట్ల కింద నించి థోరల్డ్ పైకి చూశాడు. కాసేపు ఇద్దరు ఆడవాళ్లనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బీటీ, మైకు నీ మోచేతి పక్కనే ఉంది," అన్నాడు. "గట్టిగా అరవక్కర్లేదు. మొదటినించీ చెప్పు."

బీటీ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది.